ఛాయాగ్రహణమున నా యనుభవములు



ఛాయాచిత్రములను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని రేడియోవారు కోరినప్పుడు నేను కొంత వెనుదీసితిని. నేను చదివినది సంస్కృతాంధ్రములు. చేసినది బడిపంతులు పని. చిత్రములు తీసి జీవనము గడిపినవాడను గాను. అయినను ముప్పది యేండ్లకు పైగా మా పేటలో జరిగిన ఉత్సవములకును ఊరేగింపులకును కెమెరా మెడకు తగిలించుకొని తిరిగినవాడను గనుక, నా తప్పులు చెప్పుకొనుటకైనను నాకు హక్కు కలదని తలచి ఒప్పుకొంటిని.

మా పేట కిషన్‌బాగ్. గ్రామములనుండి హైదరాబాదు వచ్చువారు చార్మినారు చూతురు గాని ఇటు రారు. పాతనగరమున, పురానాపూలు వంతెనకు ఎగువను, మూసీనది దక్షిణపు గట్టున మా పేట యున్నది. 'బాగ్' అనగా తోట. తోట పేరుననే మిగిలినది. ఇప్పుడున్నవి ఇండ్లును ఇఱుకు సందులును. ఇచట కాశీబుగ్గ యను శివాలయము కలదు. బుగ్గ యనగా నీటి యూట యని మీకు నేను చెప్పనక్కఱలేదు. కాశీనుండి గంగ ఇచటికి ఊరివచ్చుచున్నదని భక్తుల నమ్మకము. గుడిగంటయు మసీదులోని అజానును ఒక్క గాలిలో వినవచ్చు పేట యగుటచే సంవత్సరము పొడుగునను కెమెరాకు పని కొఱత యుండదు. శివరాత్రి, బోనాలు, పీర్ల పండుగ, వినాయకుని నిమజ్జనము, పెండ్లి బరాతులు, బడి వార్షికోత్సవములు, ఒకదాని వెనుక నొకటి వచ్చుచునే యుండును.

1984లో నేను మొదట కొన్న కెమెరా మన దేశమున తయారైన అగ్ఫా క్లిక్ త్రీ యను పెట్టె. ఒక ఫిల్ము చుట్టకు పండ్రెండు చిత్రములు. అందు త్రిప్పుటకు రెండు మూడు గుర్తులే. ఎండకు ఒకటి, మబ్బునకు ఒకటి. మిగిలినదంతయు దైవాధీనము. నేను దానిని పట్టుకొని గొప్ప ధైర్యముతో శివరాత్రి జాగరణకు కాశీబుగ్గకు పోతిని. దీపముల వరుసలును, తడిబట్టలతో ప్రదక్షిణము చేయు జనమును నా కంటికి పట్టపగలువలె తోచినవి. పండ్రెండు మాఱులును మీట నొక్కితిని. మఱునాడు ఫిల్ము కడిగింపగా అది గాజువలె తెల్లగా నుండెను. అందొక్క మనుష్యుడును లేడు. మనకు చాలిన వెలుగు ఆ పెట్టెకు చాలదని నాకు తెలియుటకు ఒక చుట్ట ఖర్చయినది.

ఫిల్ము తెల్లగా నుండిన చిత్రము లేదనుట మీలో కొందఱకు వింతగా నుండవచ్చును. ఫిల్ముపై పూసిన పూతలో వెండి లవణము లుండును. వెలుగు తాకిన చోట, మందునీటిలో ముంచినప్పుడు, ఆ లవణము నల్లని వెండిగా మాఱును. వెలుగు తాకని చోట మిగిలిన లవణమును హైపో యను ద్రావకము కరగించివేయును. హైపోకు ఈ గుణము కలదని 1819లోనే హెర్షెల్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు కనుగొనెను. ఇరువది యేండ్లకు, 1839లో, ఛాయాగ్రహణము పుట్టినప్పుడు అది అక్కఱకు వచ్చినది. పిమ్మట ఆ హైపోను గూడ మంచినీటితో బాగుగ కడిగివేయవలెను. ఈ చివరి మాట గుర్తుంచుకొనుడు. దాని కథ తరువాత చెప్పెదను. ఇట్లు వచ్చిన నెగటివునందు వెలుగంతయు నలుపు, నీడయంతయు తెలుపు. మన భాషలో ఛాయ యను శబ్దమునకు నీడ యనియు కాంతి యనియు రెండర్థములును గలవు. సూర్యుని తేజమును తాళలేక సంజ్ఞాదేవి తన నీడయైన ఛాయను భర్తయొద్ద నిలిపి పోయినదని పురాణకథ. ఫోటోకు ఛాయాచిత్రమని పేరు పెట్టినవారు ఎవరో గాని, నెగటివును చేత పట్టి చూచిన తరువాతనే పెట్టి యుందురని నా యూహ.

మఱి కొన్నాళ్లకు నాకు మంచి కెమెరాపై మోజు పుట్టినది. పురానాపూలు దగ్గఱ ప్రతి గురువారమును జుమ్మెరాత్ బజారు జరుగును. పాత తాళములు, విఱిగిన ఫ్యానులు, ఎవరివో పాదరక్షలు, అన్నియు నేలపై పఱచి అమ్ముదురు. 1989లో అచటనే రెండు కన్నుల యాషికా కెమెరా యొకటి దొరకినది. ఇంటికి వచ్చి చూడగా, ఒక్క సెకను తెఱచి మూసికొనవలసిన తలుపు తెఱచుకొని అట్లే యుండిపోయెను. లోపలి చమురు ఎండిపోయినదట. చార్మినారు దగ్గఱ గడియారములు బాగుచేయు వృద్ధుడొకడు దానిని విప్పి, తుడిచి, రెండు దినములలో నడిపించెను. కూలి యడుగగా, తన మనుమరాండ్ర చిత్రము తీసి యిమ్మనెను.

ఈ కెమెరాను కంటి కెత్తుకొనరు. పొట్టయొద్ద నిలిపి, తల వంచి, పైనున్న గాజుపలకలోనికి చూతురు. అందు కుడి యెడమలు తాఱుమాఱుగా కనబడును. బోనాల మఱునాడు ఘటమును మోయు ఏనుగు ఎడమకు నడచుచుండగా నా పలకలో అది కుడికి నడచును. నేను దాని వెంట కెమెరాను త్రిప్పబోయి దూరము త్రిప్పుచుంటిని. పోతురాజు కొరడా ఝళిపించుచు దూకినప్పుడు నా చిత్రమున వాని పసుపు పూసిన భుజ మొక్కటే మిగిలినది. అయితే తల వంచుటవలన నొక మేలు కలిగెను. గుడిలోను, పీర్లచావడిలోను నన్ను చూచినవారు ఈయన వినయముతో వంగి నిలుచున్నాడని తలచి త్రోవ యిచ్చిరి. ఈ మర్యాదకు నేను అర్హుడను గాకపోయినను కాదనలేదు.

మర్యాద మాట వచ్చినది గనుక ఒక సంగతి చెప్పవలెను. ముహర్రము పదవనాడు దబీర్‌పురానుండి బీబీకా అలము ఏనుగుపై బయలుదేఱి చాదర్‌ఘాట్‌వైపు సాగును. ఆ జనములో మా పేట వృద్ధుడొకడు గుండెపై చేయి వైచుకొని ఏడ్చుచుండెను. ఆ ముఖము గొప్ప చిత్రమగునని నేను కెమెరాను సరిచేసికొనుచుండగా ఆయన నన్ను చూచి, "మాస్టర్ సాబ్, ఇది తమాషా కాదు" అనెను. కోపముతో ననలేదు. నేను మూత పెట్టితిని. మఱుసటి యేడు ఆయనయే నన్ను పిలిచి, వీథిమొగను దాహార్తులకు షర్బతు పంచు సబీలు చెంత తన మనుమని ప్రక్కన నిలిచి, "ఇప్పుడు తీయుడు" అనెను. చేతిలో షర్బతు గ్లాసు. ఆ చిత్రము తీసితిని. నేను తీసిన వేలకొలది చిత్రములలో అది మంచిదని నా యభిప్రాయము.

తరువాత మిత్రునియొద్ద ఎరువు తెచ్చి దూరమునుండి తీయు పెద్ద కటకమును పరీక్షించితిని. దానితో దొంగచాటుగ తీయుట సులభము. అందుచేతనే నాకు నచ్చలేదు. మెఱపుదీపము కొని శివరాత్రినాడు వెలిగింపగా అర్చకులవారు కన్నులు మూసికొనిరి, ఆపై మందలించిరి. చిత్రమున లింగము వెనుక చీకటి గోడయు, ముందు సున్నము కొట్టినట్టి ముఖములును వచ్చినవి. దానిని అమ్మివేసితిని. ఫిల్ములలో ఊటీయందు 1960లో స్థాపింపబడిన హిందుస్థాన్ ఫోటో ఫిల్ముల కర్మాగారమువారి 'ఇందు' చౌకగా దొరకుచుండెను. ఇందువనగా చంద్రుడు, వెండితో జేసిన వస్తువునకు తగిన పేరు. ఆ కర్మాగారము నేడు లేదు.

మా నగరమున ఈ విద్యకు పెద్ద రాజా దీన్‌దయాళ్. 1844లో మీరటు దగ్గఱ సర్ధనాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందూరున కొలువు చేసి, పిదప సికింద్రాబాదు చేరి ఆఱవ నిజామునకు ఆస్థాన ఛాయాగ్రాహకు డయ్యెను. ఘోషా స్త్రీలకొఱకు 1892లో ప్రత్యేకముగ నొక స్టూడియో పెట్టి దానిని ఒక ఆంగ్లవనిత చేతికిచ్చెను. నా ముహర్రము సంగతి గుర్తునకు వచ్చినప్పుడెల్ల, ఎవరిని ఎవరు చూడవచ్చునను విషయమున ఆయన పాటించిన జాగ్రత్తను తలచుకొందును. ఆయన 1905లో గతించెను. మూడేండ్లకు, 1908 సెప్టెంబరు 28న, మూసీ పొంగి నగరమును ముంచెను. పదునైదువేలమంది చనిపోయిరని అంచనా. మిగిలిన వంతెనలు కొట్టుకొనిపోగా 1578నాటి పురానాపూలు నిలిచినది. కూలిన మేడలును, బురదలోని వీథులును నేడు మనకు కనబడుచున్నవనగా అది నాటి ఛాయాచిత్రముల చలువయే. దీన్‌దయాళ్ స్టూడియో గాజుపలకల నెగటివులు 2,800కు పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున భద్రముగ నున్నవి. నూఱేండ్లు దాటినను వాటినుండి క్రొత్తగా అచ్చు తీయవచ్చును. కారణము, వాటిని కడుగవలసినట్లు కడిగిరి.

నేను కడుగలేదు. ఇదియే నేను చెప్పవచ్చిన తప్పు.

1990 ప్రాంతమున ఖర్చు కలిసివచ్చునని ఫిల్ము ఇంటనే కడుగ నారంభించితిని. స్నానపుగది కిటికీకి దుప్పటి కట్టి, చీకటిలో చేతితడవున ఫిల్ము డబ్బాలో చుట్టుట, మందు పోయుట, హైపో పోయుట, అన్నియు నేర్చితిని. హైపో పోవుటకు ఫిల్మును పాఱునీటిలో అరగంట యుంచవలెనని పుస్తకములందున్నది. మాకు కొళాయినీరు దినము విడిచి దినము వచ్చును. ఇంటి ఇల్లాలు పట్టి యుంచిన బిందెలలోని నీటిని నీడబొమ్మలకు పోయుట నాకే సిగ్గనిపించెను. రెండు చెంబులతో ముంచి తీసి ఆఱవేసితిని. ఆఱిన ఫిల్ము నిగనిగలాడుచుండెను. ఏ లోపమును కనబడలేదు. మూడు నాలుగేండ్లు ఇట్లే గడచినవి. అచ్చులు తీసి ఎవరివి వారికి పంచి, నెగటివులను బిస్కట్టు డబ్బాలలో పడవైచితిని. వాటిపై పేరును వ్రాయలేదు, తేదియు వ్రాయలేదు. బడిలో పిల్లల పుస్తకములపై పేరు లేకున్న బెత్తము తీసినవాడను నేనే.

2020 అక్టోబరు 13వ తేదీ రాత్రి నగరమంతట కుంభవృష్టి కురిసెను. హిమాయత్‌సాగరపు తలుపు లెత్తిరి. 1908నాటి వరద మఱల రాకుండుటకు 1927లో పూర్తియైన చెఱువది. మా పేటలో మూసీవైపు పల్లపు వీథులలోనికి నీరు చొచ్చెను. మా యిల్లు మిట్టనుండుటచే తప్పినది. నీరు తీసిన పిమ్మట జనులు బియ్యము, పఱుపులు, పిల్లల పుస్తకములు ఎండబెట్టుకొనిరి. ఫోటో ఆల్బములనుగూడ విప్పి మేడలపై పఱచిరి. తడిసిన ఫోటోలు ఒకదానికొకటి అంటుకొని, విడదీయబోగా ముఖములు ఊడి వచ్చినవి.

వారము గడచిన పిదప ఒక ముసలియామె మా గుమ్మము ముందు నిలిచి, "సారూ, మా ఇంటాయన ఫోటో నీళ్లల్ల వోయింది. మీ తాన ఏమన్న ఉన్నదా?" అని యడిగెను. ఆ మాట పేటలో ప్రాకినది. ఇరువదిమందికి పైగా వచ్చిరి. పదునొకండు డబ్బాలు మంచము క్రిందినుండి తీసితిని. పేర్లు లేవు గనుక ప్రతి ముక్కను కిటికీకి ఎదురుగ పట్టి వెదకవలసి వచ్చెను. ఆమె భర్త ఒక బోనాల చిత్రమున మూలను, డప్పుల వెనుక, పెసరగింజంత తలతో కనబడెను. ఆయనకొఱకు నేనా చిత్రము తీయలేదు, ఏనుగుకొఱకు తీసితిని. దానిని పెద్దదిచేయించి యీయగా ఆమె చూచి, "ఎర్ర రుమాలు కట్టిండు ఆ దినం" అనెను. అది నలుపు తెలుపుల చిత్రము.

పేటలో నడివయసు వాడొకడు ఆటో నడుపుకొనువాడు గూడ వచ్చెను. నేను పోల్చుకొనలేదు. సబీలు చెంత తాతతో నిలిచిన పిల్లవాడు తానేయని చెప్పెను. తాతగారి చిత్రము వారి యింట అదియొక్కటే. ఆయన ఫోటోలు దిగుట కిష్టపడువాడు కాడట. నాకు మిక్కిలి ఉత్సాహము కలిగినది. ఆ నెగటివు నాకు బాగుగ గుర్తు. దొరకినది గూడ. కిటికీకి పట్టి చూచితిని. హైపో మిగిలిపోయి, ముప్పదియేండ్లలో వెండిని తినివేసినది. పచ్చని మరక తాతగారి ముఖమును కప్పినది. పిల్లవాని సగము ఒడలును పోయినది. వరదనీరు మా డబ్బాలను తాకలేదు. రెండు బిందెల మంచినీరు పోయనందున పోయిన చిత్రమది.

నగరములో ఇద్దఱు ముగ్గురకు చూపితిని. యంత్రమున పెట్టి మరకను కొంత తగ్గించిరి గాని లేని ముఖమును తేలేమనిరి. కంప్యూటరుతో ముఖమును కల్పించి పెట్టెదమని ఒకరనగా నేను వలదంటిని. ఆ ముఖము ఆయనది కాదు గదా.

వచ్చినంతవఱకు అచ్చు తీయించి ఆటో అతనికిచ్చి, తప్పు నాదని చెప్పితిని. అతడు చాలసేపు చూచి, "చెయ్యి కనబడుతున్నది గదా, మాస్టర్ సాబ్. గ్లాసు గూడ" అని కాగితములో చుట్టుకొని పోయెను.

గ్రామములందు వినుచున్న పెద్దలకు ఫిల్ములు కడుగు పని ఇప్పుడు లేదు. మీ మనుమలు ఫోనులో దినమునకు నూఱు తీయుదురు. ఫోను నీటిలో పడిన నూఱును పోవును. మీ పెట్టెలలో పాత అచ్చులున్న, తెలిసినవారు బ్రతికియుండగనే వెనుకవైపు మెత్తని పెన్సిలుతో పేరు, ఊరు, సంవత్సరము వ్రాయించుడు. మట్టిగోడకు తగిలించిన పటములను వానాకాలమునకు ముందు దింపి చూచుడు. అద్దమునకు అంటుకొన్న దానిని లాగకుడు.

నా డబ్బాలు ఇంకను నాలుగు మిగిలియున్నవి. నిమజ్జనములు, రెండు పెండ్లిండ్లు, ఎవరిదో బారసాల. సాయంకాలములందు ముసలియామె వచ్చి కూర్చుండి ఒక్కొక్క ముక్కను వెలుగునకు పట్టి చూచి, ఎవరు ఎవరో చెప్పుచున్నది. నేను కవరుపై వ్రాయుచున్నాను.