రాగితీగ – గాజుదారము
(ఒక పఠనమందిరమున గావించిన ఉపన్యాసము)



ఢిల్లీ, ముంబయి నగరములు తప్ప దేశమంతట టెలిఫోనును నడపిన ప్రభుత్వశాఖ 2000 అక్టోబరు 1వ తేదీన భారత్ సంచార్ నిగమ్ అను సంస్థగా మారెను. సెల్‌ఫోను వ్యాపించినకొలది ఇంటి టెలిఫోనును వదలుకొనువారు పెరిగిరి. మాటలపై వచ్చు రాబడి తరిగెను. సంస్థ బ్రదుకవలెనన్నచో ఇంటర్నెట్టునకు మరలక తప్పలేదు. ఆ మార్పువలన పల్లెవాసికి ఏమి దక్కినదో విచారింతము.

2004లో కేంద్రప్రభుత్వము బ్రాడ్‌బ్యాండ్ విధానమును ప్రకటించి, సెకనుకు 256 కిలోబిట్లను కనీసవేగముగా నిర్ణయించెను. 2005 జనవరిలో సంస్థ ఆ సేవ నారంభించెను. ఇండ్లకు క్రొత్త తీగ వేయలేదు. మనుష్యుని మాటకు రాగితీగలో 4,000 హెర్ట్జుల లోపు చోటు చాలును. ఆపైన వ్యర్థముగా నున్న చోటున సమాచారమును నడపిరి. కాని ఎక్స్ఛేంజికి దూరమైనకొలది రాగిలో సంకేతము క్షీణించును. నాలుగైదు కిలోమీటర్ల కావలనున్న పల్లెకు ఆ వేగ మందదు. పట్టణవాసి అనుభవించెను, పల్లెవాసి కాచుకొనియుండెను.

ఈ లోపమును దీర్చునది ఆప్టికల్ ఫైబర్, అనగా గాజుదారము. అందు వెలుతురు పదుల కిలోమీటర్లు పోయినను ఎక్కువగా తరుగదు. సుమారు రెండున్నర లక్షల గ్రామపంచాయతులకు దీనిని చేర్చవలెనని 2011లో కేంద్రము నిశ్చయించెను. అదియే నేటి భారత్‌నెట్. తీగ పరచు పనిలో పెద్దభాగము ఈ సంస్థపైననే పడెను.

తీగ పరచినంతమాత్రమున పని ముగియునా? రోడ్డు త్రవ్వువాని గునపము తగిలినచో గాజుదారము తెగును. మొదట వేసిన తీగ చెట్టుకొమ్మవలె సాగుటచే, ఒకచోట తెగినచో ఆవలి గ్రామము లన్నియు మూగవోవును. 2020 జనవరి 31వ తేదీన సుమారు 78 వేలమంది ఉద్యోగులు స్వచ్ఛందముగా విరమించిరి. జీతభారము తగ్గినది, దానితోపాటు ఏ గుంటలో ఏ అతుకున్నదో ఎరిగిన పనివారును వెడలిపోయిరి.

2023 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గము భారత్‌నెట్ సంస్కరణకు 1,39,579 కోట్ల రూపాయల వ్యయము నంగీకరించెను. అందు రెండంశములు గమనింపదగినవి. తీగను వలయముగా కలుపుదురు. ఒకవైపు తెగినను రెండవవైపునుండి సమాచారము వచ్చును. పరచుటతోనే విడువక పదేండ్లు సంరక్షింపవలెననియు నిబంధన కలదు.

న్యాయవాదిగా నే నెరిగిన దొక్కటి. ఒప్పందమున ఎంత చక్కని షరతున్నను, అడుగువాడు లేనిచో అది కాగితముపైననే నిలుచును. తీగ తెగిన దినమును, అతికిన దినమును పంచాయతీ పుస్తకమున వ్రాయింపుడు. గ్రామసభలో చదివింపుడు. బడిపిల్లలు పాఠమునకును, రైతులు అడంగలు నకలుకును ఆ తీగపై నాధారపడియున్నారు. ఇది ప్రజాధనముతో వేసిన బాట. దానిని కనిపెట్టియుండు భారమును ప్రజలదే.