మనోవర్తి కాదు, భాగము
(ఉపన్యాస పాఠము)

 

జడభరతుని కథ వినని తెలుగువారు అరుదు. పోతన భాగవతమున ఆ కథ గల పంచమ స్కంధమును తెనిగించినవాడు గంగన. తండ్రి గతించిన పిమ్మట సవతి అన్నలు భరతుని మందబుద్ధియని యెంచి, పొలము కావలికి నియమించి, ఏదో యింత తినబెట్టిరి. తరువాత రహూగణ మహారాజు ఆతనిచే పల్లకి మోయించుకొని, ఆతని పలుకులు విని, దిగివచ్చి పాదములకు మ్రొక్కెను. శ్రోతలకు రాజు మ్రొక్కుట జ్ఞాపకముండును. అన్నలు చేసిన పని జ్ఞాపకముండదు. భరతుడు లోపల జ్ఞాని గనుక కథకు మంగళాంతము కలిగినది. ఆతడు నిజముగనే బుద్ధి ఎదుగనివాడైనచో అన్నల నడత న్యాయమగునా? నేటి ప్రసంగము ఈ ప్రశ్నను గూర్చియే.

మన పూర్వుల ధర్మశాస్త్రములు ఈ విషయమును విడువలేదు. యాజ్ఞవల్క్య స్మృతి జడుని, అంధుని, పంగుని ఒక వరుసలో చేర్చి, వీరు పోషింపదగినవారే గాని భాగమునకు అర్హులు కారని విధించినది. చాళుక్య విక్రమాదిత్యుని కాలమున విజ్ఞానేశ్వరుడు దానికి మితాక్షర వ్యాఖ్య వ్రాసెను. 13వ శతాబ్దమున కేతన దానిని విజ్ఞానేశ్వరీయముగా తెనిగించెను. పోషింపనివాడు పతితుడని మనువు హెచ్చరించెను. ఆ కరుణ గొప్పదే. అయినను అది మనోవర్తి వరకే నిలిచినది. భాగము దాక రాలేదు.

ఆ తేడా పల్లెలో ఎట్లుండునో చూడుడు. ఒక రైతునకు ఆరెకరముల చెలక, ముగ్గురు కొడుకులు ఉన్నారనుకొందము. భార్య ముందే గతించినది, ఆడుబిడ్డలు లేరు. కడపటివాడు బుద్ధిమాంద్యము గలవాడు. తండ్రి పోయిన వెనుక విరాసతు కాగితములలో ఇద్దరి పేర్లే యెక్కును. మూడవవానికి నెలకొక యింట అన్నమని పెద్దమనుషులు తీర్పు చెప్పుదురు. రెండెకరములు పోయి వంతు ముద్ద మిగిలినది. అన్నలు చెడ్డవారు కాకపోవచ్చును. వదినె ప్రేమతోనే వడ్డింపవచ్చును. కాని ఆ ప్రేమ తగ్గిననాడు ఆతడేమని అడుగవలెను?

చట్టము ఈ దూరమును మెల్లగా నడచినది. బ్రిటిషు ఇండియాలో 1928లో వచ్చిన చట్టము కుంటి, గ్రుడ్డి మొదలగు వారికి హిందూ వారసత్వమున భాగమిచ్చి, పుట్టుకతో వెర్రివారిని, బుద్ధిహీనులను మాత్రము వెలుపలనే నిలిపినది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టపు 28వ సెక్షను ఆ అడ్డును తొలగించి, రోగము గాని లోపము గాని వారసత్వమునకు ఆటంకము కాదన్నది. వికలాంగుల హక్కుల చట్టము 2016లో పుట్టి, 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోనికి వచ్చినది. ఆస్తి పొందుట, తన డబ్బు వ్యవహారము తాను చూచుకొనుట ఇతరులవలెనే వీరికిని హక్కని అది చెప్పుచున్నది. తోడు కావలసినచోట సంరక్షకుడు ఆతనితో కలిసి నిర్ణయింపవలెనే గాని ఆతని బదులు వేలిముద్ర వేయరాదు. పదిమందిలో అవమానించుటయు అందు శిక్షార్హమే. "ఎడ్డివాడు" అని నవ్వుకొను నాలుకలు దీనిని గుర్తుంచుకొనవలెను.

పిచ్చి వేరు, బుద్ధిమాంద్యము వేరు. 1912 నాటి చట్టము రెంటిని ఒకే మాటలో కట్టినది. 1987 నాటి మానసిక ఆరోగ్య చట్టము విడదీసినది. మొదటిదానికి వైద్యము కావలెను. రెండవదానికి ఓపికతో కూడిన శిక్షణ కావలెను. అందులకే 1984లో సికిందరాబాదున జాతీయ సంస్థ వెలసినది. మండలములలో భవిత కేంద్రములు కలవు. తగిన ధ్రువపత్రము గల పిల్లలకు 6 మొదలు 18 ఏండ్ల వరకు ఉచిత విద్య హక్కు. బట్టలు తొడుగుకొనుట, చిల్లర లెక్కించుట, బస్సెక్కుట నేర్చిన బిడ్డ మిరపతోటలో కూలికి పోగలడు. నేర్పనివానిని ఇంట కూర్చుండబెట్టి చేతగానివాడనుట అన్యాయము. ఆడుబిడ్డ యైనచో తలుపు వేసి దాచుట మరింత అన్యాయము. ఆసరా పింఛను 2023లో వికలాంగులకు నెలకు 4,016 రూపాయలైనది. ఆ సొమ్ము ఎవరిదో ఇంటివారు మరువరాదు.

రజతోత్సవము జరుపుకొను గ్రంథాలయమునకు దీనితో పని యేమని ఎవరైన అడుగవచ్చును. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసిననాడు తెలంగాణమున చదువు కొద్దిమందిదే. ఊరూర గ్రంథాలయములు లేచి, చదువురానివారికి పత్రిక చదివి వినిపించి, అక్షరము అందరి సొత్తని చాటినవి. అదే పని ఇంకొక మెట్టు మిగిలియున్నది. మరిపెడలోను, చుట్టుపట్ల తండాలలోను అరుగులపై ఒంటరిగా కూర్చున్నవారిని లోనికి పిలువవలెను. బొమ్మల పుస్తకము చేతికీయవలెను. వారమునకొక కథ నెమ్మదిగా చదివి వినిపింపవలెను. వారిలో జడభరతులు దొరకుదురని కాదు. ఎవరును దొరకకపోయినను ఆ బల్లపై వారికి చోటు కలదు. సభ్యుల పట్టీలో వారి పేర్లు వ్రాయుడు.