మోకాళ్లు నొప్పిగా ఉంటే నడవొచ్చా?

 

పోయిన వారం ఒక పెద్దమ్మ ఇంటికి వెళ్లాను. ఆమె నన్ను ఒక మాట అడిగింది. "డాక్టరమ్మా, నా మోకాళ్లు అరిగిపోయాయన్నారు. ఇంకా నడిస్తే ఆ మిగిలింది కూడా అరిగిపోదా?"

ఆ భయంతోనే ఆమె ఆరు నెలల కిందట చెరువు దాకా వెళ్లడం మానేసింది. తర్వాత పక్కింటికి వెళ్లడం మానేసింది. ఇప్పుడు మంచం మీంచి లేవాలంటే కోడలు చెయ్యి పట్టుకోవాలి.

బండి చక్రం తిరిగేకొద్దీ అరుగుతుంది, నిజమే. కాని మోకాలు బండి చక్రం కాదు. మోకాలి కీలులో ఎముకల చివర నున్నటి పొర ఉంటుంది. దాన్నే మనం గుజ్జు అంటాం. ఆ పొరకు రక్తనాళాలు లేవు. మరి తిండి ఎలా అందుతుంది? కీలులో ఉండే జిగట నీటి నుంచే. అడుగు వేస్తే పొర నొక్కుకుంటుంది. కాలు ఎత్తితే తేరుకుంటుంది. తడిగుడ్డను పిండి మళ్లీ నీళ్లలో వేసినట్టు! ఆ కదలికతోనే తిండి లోపలికి పోతుంది.

ఇంకో సంగతి. కదలకుండా కూర్చుంటే తొడ కండ సన్నబడుతుంది. మోకాలికి ఆసరా ఆ కండే. అది తగ్గితే నొప్పి పెరుగుతుంది. నొప్పిగా ఉందని ఇంకా కూర్చుంటాం. పెద్దమ్మకు జరిగింది ఇదే.

అరిగిన పొర నడిస్తే మళ్లీ మొలవదు. మొలుస్తుందని చెప్పి మిమ్మల్ని మోసం చెయ్యను. కాని నొప్పి తగ్గుతుంది. అమెరికాలో 60 ఏళ్లు, ఆ పైబడిన 439 మందిని పరీక్షించి చూశారు. అందరికీ మోకాళ్ల అరుగుదల ఉంది. వాళ్లలో ఒక గుంపు వారానికి మూడుసార్లు చొప్పున 18 నెలలు నడిచింది. ఇంకో గుంపు ఆరోగ్య పాఠాలు విన్నది. 1997లో ఫలితం అచ్చయింది. పాఠాలు విన్నవాళ్లకంటే నడిచినవాళ్లకు నొప్పి నూటికి 12 వంతులు తక్కువ. ఉత్త పాఠాలు వింటే చాలదన్నమాట. నా పాఠమూ అంతే!

మొదట ఐదు నిమిషాలు చాలు. చదునైన దారిలో నడవండి. నడిచేటప్పుడు కాస్త నొప్పి ఉంటుంది, భయపడొద్దు. మర్నాటికి ఎప్పటిలాగే ఉంటే ఆ నడక మీకు సరిపోయినట్టే. నొప్పి ఎక్కువైతే తర్వాతిసారి దూరం తగ్గించండి. మానెయ్యకండి. చేతికర్ర ఏ చేత్తో పట్టుకోవాలి? కుడి మోకాలు నొప్పి అయితే ఎడమ చేత్తో. చాలామంది నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారు.

మోకాలు వాచి, వేడెక్కి, జ్వరం కూడా వస్తే మాత్రం నడక కాదు, ఆస్పత్రికి రావాలి. నొప్పి గోళీలు మీ అంతట మీరు కొని రోజూ మింగకండి. కడుపు, మూత్రపిండాలు చెడతాయి.

పెద్దమ్మ రేపు సాయంత్రం వేపచెట్టు దాకా నడుస్తానంది. తోడు ఎవరు వెళ్తారు? చేతులెత్తండి.