చంపావతి గట్టునుండి అరకులోయ వఱకు



కొండపల్లెలు, లోయలు అనగానే చదువరుల మనస్సు ఆల్ప్సు పర్వతములకో, హిమాలయములకో పరుగెత్తుట సహజము. దూరపుకొండలు నునుపని పెద్దలు ఊరక అనలేదు. నెల్లిమర్లలో తెల్లవాఱుజామున బయలుదేఱిన మోటారు విజయనగరము, శృంగవరపుకోటల మీదుగా మధ్యాహ్నమునకు ముందే అరకులోయ చేరును. ఆ త్రోవలో ఎదురగు విశేషములు ఏ విదేశయాత్రకును తీసిపోవునవి కావు.

బొడ్డవర వఱకు ఇరుప్రక్కల వరిచేలు, తాటిచెట్లు, మామిడితోటలు. ఆపైన ఘాటురోడ్డు ప్రారంభమగును. టైడా, అనంతగిరి గ్రామములు దాటుచు బండి మలుపు మలుపునకు పైకెక్కును. గాలికొండ వద్ద నిలిచి చూచినచో లోయలు ఒకదాని వెనుక నొకటిగా నీలమై, చివరకు పొగమంచులో కలిసిపోవును. అరకులోయ సముద్రమట్టమునకు సుమారు 900 మీటరుల ఎత్తున గలదు. విజయనగరమున దుప్పటి చాలిన పుష్యమాసపు రాత్రి అక్కడ కంబళి కప్పినను చలి తీరదు. శీతకాలారంభమున వలిసెచేలు పూచి కొండవాలులన్నియు పసుపు పూసినట్లుండును. చోళ్లు, సామలు, పసుపు, అల్లము అచ్చటి పంటలు. వెండియోకుచెట్ల నీడలో కాఫీమొక్కలు, ఆ చెట్లనే అల్లుకొనిన మిరియపుతీగలు కనబడును. గిరిజన రైతులు పండించు అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది.

రోడ్డుతో దోబూచులాడుచు కొత్తవలస–కిరండూల్ రైలుమార్గము సాగును. బైలాడిలా ఇనుపఖనిజమును విశాఖపట్టణపు రేవునకు చేర్చుటకై 1960 దశకమున దీనిని నిర్మించిరి. యాబదికి పైగా సొరంగములు దీనిలో గలవు. 996 మీటరుల ఎత్తుననున్న శిమిలిగుడ స్టేషను దేశములోని బ్రాడ్‌గేజి స్టేషనులలో మిక్కిలి ఎత్తైనదిగా పెక్కేండ్లు పేరొందినది.

ఇంత పనితనము ఖనిజము కొఱకు జరిగినది. మనుష్యుని కొఱకు ఎంత జరిగినదని విజ్ఞులైన యాత్రికులు ప్రశ్నించుకొనవలెను. పెద్దరోడ్డునుండి కొన్ని మైళ్లు లోపలికి పోయినచో బండి చేరని గూడెములు నేటికిని గలవు. అచ్చట పురిటినొప్పులు పడు స్త్రీని కఱ్ఱకు కట్టిన డోలీలో పరుండబెట్టి, వాగులు దాటి, బంధువులు భుజములపై మోసికొని రావలసి యున్నది. యాత్రికునికి వినోదమైన ఆ ఎత్తుపల్లములే ఆ తల్లికి ప్రాణసంకటము.

ఈ కొండలకును దిగువ పల్లెలకును గల సంబంధము చూపునకు మించినది. ఆల్ప్సు పర్వతములలో నీటిని నిలువచేయునది మంచు. తూర్పుకనుమలలో మంచుగడ్డలు లేవు. వాననీటిని పట్టి నిలిపి ఊటలుగా విడుచునది అడవియే. అనంతగిరి కొండలలో పుట్టిన గోస్తనీనది బొఱ్ఱా గుహలను తాకి, తాటిపూడి జలాశయమున నిలిచి, భీమునిపట్టణము వద్ద సముద్రమున గలియును. శారదానది ఆ కొండలలోనిదే. నెల్లిమర్ల దాహము తీర్చు చంపావతి ఆండ్ర కొండలలో జన్మించి కోనాడ వద్ద కడలి చేరును. కావున కొండపై గొడ్డలివేటు పడినపుడు గట్టున బావికి నష్టము కలుగును.

బొఱ్ఱా గుహలు సున్నపురాతిని నీరు యుగయుగములుగా కరగించి మలచిన మందిరములు. ఆ పరిసర గ్రామములలో ఖనిజము త్రవ్వుటకు గిరిజనేతరులకు కౌలుహక్కు లిచ్చుటను సమత అను స్వచ్ఛంద సంస్థ న్యాయస్థానమున ప్రశ్నించెను. షెడ్యూల్డు ప్రాంతపు భూమిని ప్రభుత్వము సైతము గిరిజనేతరులకు కౌలు కిచ్చుట చెల్లదని 1997లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. ఒక చిన్న కొండపల్లె తగవు దేశమంతటి గిరిజనులకు రక్షణ యైనది. ఈ సంగతి తెలిసికొని గుహను చూచువాడు రాళ్లతోపాటు న్యాయమును గూడ చూచినవాడగును.

కొండవారిని చూచుట వేఱు, ఎఱుగుట వేఱు. ముఖలింగక్షేత్ర సమీపమున 1863లో జన్మించిన గిడుగు వేంకట రామమూర్తిగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండి సవరల భాషను నేర్చిరి. దానికి వ్యాకరణమును, నిఘంటువును కూర్చిరి. లిపి లేని నోటిమాటకు పుస్తకమున చోటు కల్పించిన ఆ మహనీయుడు ఈ ఉత్తరాంధ్రమువాడే. థింసా నృత్యమును గడియసేపు చూచి, ఛాయాచిత్రము తీసికొని మఱలు వారికి ఆయన జీవితము ఒక పాఠము.

అరకు వెళ్లు యువకులు బండి దిగిన చోటనెల్ల ఊరి పేరు, వాగు పేరు, పంట పేరు అడిగి వ్రాసికొనవలెను. సంతలో అడ్డపిక్కలు, చింతపండు, తేనె కొనునపుడు గీచి బేరమాడకుండవలెను. అడవిలో ప్లాస్టిక్ సంచులను విడువరాదు. తిరిగి వచ్చిన పిమ్మట ఆ వ్రాతప్రతిని ఈ గ్రంథాలయమునకు సమర్పించినచో, మోటారెక్కలేని వృద్ధులును, బడిపిల్లలును బల్లవద్ద కూర్చుండియే ఆ లోయ నెఱుగగలరు. చంపావతి నీరు ఎచ్చటనుండి వచ్చుచున్నదో తెలిసిన ఊరు ఆ కొండలకు కీడు తలపెట్టదు.