చిన్నారి దాచిన ఉత్తరం



ప్లాటినం జూబిలీ వేళ పాఠశాల భవనాలను, పరీక్షాఫలితాలను ప్రస్తావించడం పరిపాటి. నేను మాత్రం ఒక ఉత్తరాన్ని గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

చిత్రకారిణి, రచయిత్రి బియాట్రిక్స్ పాటర్ 1866లో లండన్‌లోని సంపన్న కుటుంబంలో జన్మించారు. ఆమె బడికి వెళ్ళలేదు. ఇంటికి వచ్చిన ఉపాధ్యాయినుల వద్దనే చదువుకున్నారు. పెంపుడు కుందేళ్ళను, ఎలుకలను ఓపికగా పరిశీలించి బొమ్మలు గీసేవారు.

తన పూర్వ ఉపాధ్యాయిని కుమారుడు, అయిదేళ్ళ నోయెల్ మూర్ జబ్బుపడినాడని తెలిసి, 1893 సెప్టెంబరు 4న ఆమె అతనికి ఉత్తరం వ్రాశారు. అందులో ఉన్నది నాలుగు కుందేలు పిల్లల కథ, కలంతో గీసిన బొమ్మలు. ఆ బాలుడు దానిని భద్రపరచుకున్నాడు. కొన్నేళ్ళకు పుస్తకం వేయాలన్న ఆలోచన కలిగినప్పుడు ఆమె ఆ ఉత్తరాన్నే అతని వద్ద ఎరువు తెచ్చుకొని కథను పెంచి వ్రాశారు.

ప్రచురణకర్తలు నిరాకరించగా, 1901 డిసెంబరులో సొంత ఖర్చుతో 250 ప్రతులు అచ్చు వేయించారు. బొమ్మలన్నీ రంగులలో ఉండాలన్న షరతుపై ఫ్రెడరిక్ వార్న్ సంస్థ 1902లో దానిని ప్రచురించింది. పసిచేతులలో ఇమిడే ఆ చిన్న పుస్తకమే పీటర్ రాబిట్ కథ. రచనల రాబడి తోడుగా 1905లో ఆమె హిల్ టాప్ వ్యవసాయక్షేత్రాన్ని కొన్నారు. 1943లో మరణించేనాటికి సమకూర్చుకున్న నాలుగు వేల పైచిలుకు ఎకరాలను నేషనల్ ట్రస్టుకు వదిలి వెళ్ళారు. లెస్లీ లిండర్ సేకరించిన ఆమె అసలు చిత్రాలెన్నో 1973లో లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియానికి చేరాయి.

ఇక మన మాట. ఈ సంచిక కోసం మన పాత గోడపత్రికలను వెదికితే ఒక్కటీ దొరకలేదు. బీరువా ఖాళీ చేయడానికని కొన్నింటిని చిత్తుకాగితాలతోపాటు తూకానికి వేయించినది నేనే. తెలుగు ఇంటిలోనూ ఈ బడిలోనూ తప్ప వినబడని ఊరిలో పిల్లలు తమ చేతులతో వ్రాసి, బొమ్మలు వేసిన కాగితాలవి. ఆ తప్పు నన్ను బాధిస్తున్నది.

పూర్వ విద్యార్థులారా! మీ ఇండ్లలో అటువంటి కాగితం ఏదైనా మిగిలి ఉంటే ఎరువు ఇవ్వండి. నకలు తీసుకొని భద్రంగా తిరిగి ఇస్తాము. తల్లిదండ్రులారా! మీ బిడ్డ తెలుగులో వ్రాసిన మొదటి ఉత్తరాన్ని, తప్పులున్నా సరే, దాచండి. ఈ ఏటి నుండి పిల్లల వ్రాతలకు, బొమ్మలకు పాఠశాలలో ఒక బీరువా ప్రత్యేకిస్తున్నాము. దాని తాళం నా తరువాత వచ్చేవారికి అప్పగించి వెళ్ళడం నా బాధ్యత.

సెలవు.