కారణము లేని భయము

భయము మనుష్యునకు పుట్టుకతో వచ్చిన శత్రువు కాదు. చీకటిలో నడచుచున్నవాని కాలి ముందు త్రాచుపాము కదలినచో, వాడు ఆలోచించుటకు ముందే వెనుకకు దుముకును. ఆ క్షణమున మెదడునందు బాదముపప్పు ఆకారము గల ఒక చిన్న భాగము మేల్కొనును. దాని ఆజ్ఞవలన మూత్రపిండములపైని గ్రంథులు అడ్రినలిన్ అను రసమును నెత్తురులోనికి విడుచును. గుండె వడిగా కొట్టుకొనును, ఊపిరి త్వరపడును, నెత్తురు కడుపును విడిచి కాలుసేతుల కండలకు పరుగెత్తును, అరచేతులు చెమర్చును, నోరు ఎండును. పారిపోవుటకో, ఎదిరించుటకో దేహము ఇట్లు సిద్ధపడును. ఈ ఏర్పాటు లేనిచో మన పూర్వులు అడవులలో బ్రతికి బట్టకట్టెడివారు కారు.

పాము పోయిన తరువాత ఈ సంరంభము అణగవలెను. కొందరికి అణగదు. మరికొందరికి పాము లేకయే లేచును. దొంగను చూచి మొరుగు కుక్క ఇంటికి మేలు చేయును. ఆకు కదలినను, ఇంటివాడే వచ్చినను రాత్రియెల్ల మొరుగుచున్నచో ఆ ఇంట ఎవరికిని నిద్ర ఉండదు. కాపుదల హద్దు మీరినది. ఇట్లు హద్దు మీరి బ్రతుకును చెరచు భయమును వైద్యులు ఆందోళనవ్యాధి అందురు. మన ఊళ్లలో గుబులు, గాబరా, దడ, బెంగ అని దీనికి పలుపేళ్లు కలవు. పేళ్లు పెక్కు ఉన్నను, ఇది వ్యాధి యనియు, దీనికి మందు కలదనియు ఎరిగినవారు తక్కువ.

గ్రామపెద్దలారా! ఈ మందులలో రెండు తెగలు కలవు. ఒకటి గంటలో శాంతి నిచ్చును. రెండవది కొన్ని వారములకు గాని ఫలింపదు. త్వరగా శాంతి నిచ్చుదానినే చికిత్స యనుకొని మోసపోయినవారు మన నడుమ అనేకులు ఉన్నారు. ఆ భేదమును మీకు విశదపరచుటయే నేటి నా ప్రయత్నము.

మొదట వ్యాధి రూపములను చెప్పెదను. ఎడతెగని చింత ఒక రూపము. అప్పు, పంట, పిల్ల పెండ్లి అను చింతలు ఎవరికి లేవు? కాని ఆరు నెలలు దాటినను, దాదాపు ప్రతిదినమును, చిన్న పెద్ద విషయములన్నిటిపైని చింత ముసరి, నిద్ర చెడి, మెడయు భుజములును బిగిసి, చేయు పనిపై మనస్సు నిలువనిచో దానిని వ్యాధిగా ఎంచవలెను. నలుగురిలో మాటాడుటకును, తినుటకును వణకుట మరియొక రూపము. ఎత్తు, నీరు, సూది, మూసిన గది వంటి ఒక్కదానికే మితిమీరి వెరచుట ఇంకొకటి. వీనియన్నింటిలో చూచువారిని ఎక్కువ కలవరపెట్టునది హఠాత్తుగా వచ్చు భయపు దాడి. ఇది సాధారణముగా పది నిమిషములలోపల తీవ్రమై, అరగంటకు అటునిటుగా తగ్గిపోవును.

ఒక రైతును ఊహింపుడు. నలువదియేండ్లవాడు, కాయకష్టము చేయువాడు. సంతలో నిలుచుండగా ఏ కారణమును లేక వాని గుండె దడదడలాడును, రొమ్ము బిగబట్టును, ఊపిరి ఆడదు, చేతులు తిమ్మిరెక్కును, ప్రాణము పోవుచున్నదని తోచును. బండిలో పట్టణమునకు కొనిపోవుదురు. వైద్యుడు గుండెను పరీక్షించి ఏమియు లేదనును. ఆ మాట వానికి రెండవ దెబ్బ. తాను పడిన బాధ అబద్ధము కాదని వానికి తెలియును గదా! ఇంటివారు నటన అందురు, ఇరుగుపొరుగువారు గాలి సోకినదందురు, తాయెత్తు కట్టింతురు. నెల తిరుగకమునుపే దాడి మరల వచ్చును. అది మొదలు వాడు సంతకు పోడు, బస్సు ఎక్కడు, ఒంటరిగా పొలమునకు పోడు. దాడి ఉండునది అరగంట. అది మరల వచ్చునేమో యను వెరపు ఇరువది నాలుగు గంటలు. ఆ వెరపే వానిని ఇంట కట్టివేయును. మడి బీడుపడును.

ఇట్టివానికి మొదట చేయవలసినది దేహపరీక్ష. రొమ్ములో నొప్పి మొదటిసారి వచ్చినప్పుడు అది గుండెజబ్బు కాదని ఇంటనే తీర్మానింపరాదు. థైరాయిడ్ గ్రంథి మితిమీరి పనిచేసినను, నెత్తురు తక్కువైనను, మధుమేహపు మందు తినువానికి చక్కెర పడిపోయినను దడయు, వణకును, చెమటయు కలుగును. ఇవి లేవని తేలిన పిమ్మటనే మనోవైద్యుని చికిత్స.

ఇక మందుల కథ. 1957 వ సంవత్సరమున అమెరికాలో, న్యూజెర్సీ రాష్ట్రమందలి నట్లీ అను ఊర, హాఫ్‌మన్ లా రోష్ వారి ఔషధ పరిశోధనాలయమును శుభ్రపరచుచుండిరి. లియో స్టెర్న్‌బాక్ అను రసాయనశాస్త్రజ్ఞుడు పూర్వము తయారుచేసి, పరీక్షింపక విడిచిన పదార్థ మొకటి అప్పుడు బయటపడినది. పారవేయుటకు మారుగా దానిని పరీక్షకు పంపిరి. అది జంతువులను శాంతపరచినది. అదియే 1960 లో లిబ్రియం అను పేర అంగళ్లకు వచ్చినది. దాని వెనుక 1963 లో వాలియం వచ్చినది. వాలియం వ్యాపారనామము; మందు పేరు డయజెపామ్. అల్ప్రాజోలామ్, లోరాజెపామ్, క్లోనాజెపామ్ అనునవియు ఈ కుటుంబములోనివే. మన ఊళ్లలో నిద్రబిళ్లలని చెప్పుకొనునవి తరచుగా ఇవియే.

మెదడునందు కళ్లెమువలె పనిచేయు ద్రవ్యము ఒకటి సహజముగా కలదు. ఈ మందులు ఆ కళ్లెమును మరింత బిగించును. అందుచేత గంటలోపలనే భయము తగ్గును. భరింపరాని స్థితిలో ఉన్నవానికి ఇది గొప్ప ఉపకారమే. అయినను కొన్ని వారములు ప్రతిదినమును వాడినచో మెదడు ఈ పై కళ్లెమునకు అలవాటుపడును. మునుపటి మోతాదు చాలదు. ఒక్కసారిగా ఆపినచో అణగియున్నదంతయు తిరుగబడును: నిద్ర ఉండదు, దేహము వణకును, పూర్వముకంటె హెచ్చుగా భయము కలుగును, కొందరికి మూర్ఛలు వచ్చి ప్రాణాపాయము కలుగును. అందుచేతనే ఈ మందును కొలది దినములకు, మించినచో రెండు నాలుగు వారములకు పరిమితము చేయుట మేలని వైద్యులు చెప్పుదురు. వృద్ధులు దీనివలన తూలి పడి తుంటియెముక విరుగగొట్టుకొందురు, మతిమరపు హెచ్చును. కల్లు సారాలతో కలిసినచో ఇది ఊపిరినే ఆపగలదు.

ఈ మాటకు సాక్ష్యమును అమెరికానుండి తేనక్కరలేదు. తెలంగాణములో కొన్ని చోట్ల చెట్టుకల్లు చాలక, నీళ్లలో డయజెపామ్, అల్ప్రాజోలామ్, క్లోరల్ హైడ్రేట్ వంటి మందులు కలిపి కల్లని అమ్ముట చాలకాలముగా జరుగుచున్న ఘోరము. 2015 సెప్టెంబరు ప్రాంతమున అధికారులు ఆ కల్తీని గట్టిగా అరికట్టిరి. వెంటనే నిజామాబాదు, మహబూబునగరము మొదలగు జిల్లాలలో అనేకులు వణకుచు, లేని రూపములను చూచి కేకలు వేయుచు, మూర్ఛలతో పడిపోవుచు ఆస్పత్రుల పాలైరి. కల్లు దొరకక పిచ్చిపట్టినదని చూచినవారు తలచిరి. వారిని అట్లు చేసినది ఆ కల్లులోని మందు హఠాత్తుగా ఆగిపోవుట. నాలుగు కాసులకు కొన్న కుండలో ఏమి త్రాగుచున్నారో ఎరుగని కూలివారు, తమకు తెలియకయే ఆ మందునకు బానిసలైరి. వైద్యుని చేతిలో కొలతతో ఉన్నంతవరకే అది మందు. కొలత తప్పి కల్లుకుండలోనికి దిగిన నాడు విషమే.

ఇక రెండవ తెగ. 1960 ప్రాంతమున న్యూయార్కు నగరమందలి హిల్‌సైడ్ ఆస్పత్రిలో డోనాల్డ్ క్లైన్ అను వైద్యుడు, భయపు దాడులతో బాధపడు కొందరికి ఇమిప్రమైన్ అను మందు నిచ్చెను. కొన్ని వారములు గడచినను తమకు మేలు కనబడలేదని రోగులు చెప్పిరి. కాని దినమునకు పలుమార్లు ప్రాణము పోవుచున్నదని తమ గదికి పరుగెత్తి వచ్చువారు ఇప్పుడు వచ్చుట మానిరని నర్సులు గమనించిరి. రోగి గుర్తింపకమునుపే చుట్టునున్నవారు గుర్తించిన మేలు అది. ఈ సంగతి మీరు మరువదగదు.

తరువాతి కాలమున అంతకంటె తక్కువ బాధ కలిగించు మందులు వచ్చినవి. 1987 లో అమెరికా ప్రభుత్వము అనుమతించిన ఫ్లూఆక్సెటిన్ వానిలో పేరుపొందినది. సెర్ట్రలిన్, పరాక్సెటిన్, ఎస్సిటాలోప్రామ్ దాని తోడివి. మెదడునందు సెరటోనిన్ అను ద్రవ్యము ఎక్కువసేపు పనిచేయునట్లు చేసి, మెల్లమెల్లగా భయపు హద్దును ఇవి సరిదిద్దును. వీనివలన మత్తు కలుగదు. మోతాదు పెంచుకొనవలెనను ఆశ పుట్టదు. నేడు ఆందోళనవ్యాధికి వైద్యులు తరచుగా మొదట వ్రాయునవి ఇవియే.

అయితే ఇవి నారువలె నాటుకొనుటకు వ్యవధి కోరును. రెండు వారములకు మొదలుకొని ఆరు వారములకు గాని గుణము స్పష్టముగా కనబడదు. చిక్కేమనగా, మేలుకంటె ముందు చిన్న బాధలు వచ్చును. మొదటి పక్షమున వికారము, తలనొప్పి, నిద్రలేమి, ఒకప్పుడు కలత హెచ్చుట కలుగవచ్చును. అందుకే వైద్యుడు చిన్న మోతాదుతో ప్రారంభించును. దాంపత్యసుఖమున లోపము కలిగినచో సిగ్గుపడక వైద్యునితో చెప్పవలెను, మార్గములు కలవు. ఇరువదియైదేండ్ల లోపువారికి తొలి వారములలో చావును గూర్చిన తలపులు వచ్చినచో ఆ దినముననే వైద్యునికి తెలుపవలెను. గర్భిణులును, ఇతర మందులు వాడువారును ఆ సంగతి ముందుగా చెప్పవలెను.

రెండవ చిక్కు గుణము కనబడిన తరువాత వచ్చును. "నాకు నయమైనది, మందు దండుగ" అని రోగి ఆపివేయును. పైరు పచ్చబడినదని నీరు కట్టివేసినచో ఏమగునో మీకు నేను చెప్పవలెనా? నయమైన పిమ్మటను కనీసము ఆరు నెలలు, తరచుగా ఒక సంవత్సరము, మందు సాగవలెను. తరువాత వైద్యుడే మోతాదును అంచెలంచెలుగా తగ్గించి మాన్పించును. ఒక్కసారిగా విడిచినచో తల తిరుగుట, చిరాకు, తలలో విద్యుత్తు తగిలినట్లగుట సంభవించును.

మందుతో సమానమైన సహాయము మరియొకటి కలదు. శిక్షణ పొందినవారు రోగితో మాటాడుచు, వాడు తప్పించుకొనుచున్నదానిని కొద్దికొద్దిగా ఎదుర్కొనజేయుదురు. మనము ఊహించిన రైతు మొదట ఊరి పొలిమేర వరకు, పిదప బస్సు ఆగు చోటివరకు, ఆ పిదప తోడుతో ఒక ఊరు, చివరకు ఒంటరిగా సంతకు పోవును. దడ వచ్చును, నిలిచియున్నచో దానంతట అదియే తగ్గును. పారిపోకుండనే అది తగ్గుననుట మెదడు నేర్చుకొనును. కొందరికి ఈ శిక్షణ ఒక్కటియే చాలును. కొందరికి మందు కావలెను. పెక్కుమందికి రెండును కలిసినచో మేలు.

ఇందు మీరు చేయగలిగినది చాల కలదు. ఊరిలో ఎవనికైనను ఇట్టి బాధ కలిగినప్పుడు "ధైర్యము తెచ్చుకొమ్ము" అని మందలించి విడువకుడు. తెచ్చుకొనగలిగినచో వాడు ఎప్పుడో తెచ్చుకొనియుండును. సారా త్రాగినచో నిద్ర పట్టునని చెప్పువారి నోరు మూయింపుడు. ఆ రాత్రి అణగిన భయము తెల్లవారునప్పటికి రెట్టింపగును. గుడికి పోవువానిని పోనిండు, మ్రొక్కు తీర్చుకొననిండు. మందు మాత్రము మాననీయకుడు. చీటి లేక నిద్రబిళ్లలు అమ్ము అంగడిని ఊరిలో సాగనీయకుడు. అల్ప్రాజోలామ్, డయజెపామ్ వంటివానిని వైద్యుని చీటిపైననే అమ్మి, వైద్యుని పేరును రోగి పేరును వేరు పుస్తకమున వ్రాసి మూడేండ్లు భద్రపరచవలెనని 2014 మార్చినుండి నియమము అమలులో ఉన్నది. ఏండ్లతరబడి ఆ బిళ్లలకు అలవాటుపడినవాడు మీకు తెలిసినచో, వానినుండి లాగివేయకుడు. వైద్యుని యొద్దకు తీసికొనిపోవుడు. వారములు, నెలలు పట్టినను మెల్లగా తగ్గించుటయే క్షేమము.

జిల్లా ఆస్పత్రిలో మనోవైద్యుని గూర్చి విచారింపుడు. విశాఖపట్టణమున చినవాల్తేరు ఆస్పత్రియు, హైదరాబాదున ఎర్రగడ్డ ఆస్పత్రియు ఈ చికిత్సకు పేరుపడినవి. ఎర్రగడ్డ అనగానే పిచ్చివారి చోటని నవ్వుట మన అజ్ఞానము. గడప దాటలేనివారికి టెలిఫోను ఉన్నది. 2022 అక్టోబరున కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలీ మానస్ అను సేవకు 14416 అను సంఖ్యపై పిలిచినచో రాత్రింబవళ్లు, ఖర్చు లేక, తెలుగులోనే సలహా లభించును.

మొదటి ఆరు వారములే కష్టకాలము. ఆ కాలమున రోగికి ఓపిక ఉండదు. ఆ ఓపిక మీరు ఉంచవలెను. తనకు మేలు లేదని వాడు చెప్పుచున్నను, నిన్న గడప దాటనివాడు నేడు అరుగుపై కూర్చున్నాడని మీ కన్ను చూడవలెను. చూచి, ఆ మాట వానికి చెప్పవలెను. ఆ ఒక్కమాటతో మందు మానదలచినవాడు మరునాడును మందు వేసికొనును.