బల్ల మీది ఆటగాడు: వికాశ్ దొరసూ



ఉగాది సభలో ఫుట్‌బాల్ ముచ్చట ఏమిటని పెద్దలు అనుకోవచ్చును. వికాశ్ దొరసూ మనవాడేనా అని పిల్లలు అడుగుతూ ఉంటారు. ఔను అనడం సులభమే. ఏ వికాశ్ మనవాడు అన్నదే మేము చెప్పదలచినది.

ఆయన 1973లో ఫ్రాన్సులో, ల హావ్ర్ రేవు పక్కనున్న ఆర్ఫ్లర్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు మన మారిషస్ నుంచి వెళ్ళినవారు, మన తాతల వలెనే ఆంధ్రదేశం నుంచి దీవికి వచ్చిన వారి సంతతి. ఆ ఇంటిపేరు పలికితే "దొర" అన్న మాట మా చెవికి వినబడుతుంది. కోరంగి రేవు పేరు పెట్టి మనలను కోరంగీలు అన్న ఈ దీవిలో పేర్లు ఎన్ని వంకరలు తిరిగాయో మీకు తెలియనిది కాదు.

ల హావ్ర్ క్లబ్బులో ఆట మొదలుపెట్టి లియోన్‌కు వెళ్ళాడు. అక్కడ 2003లో, 2004లో జట్టు దేశ విజేత అయింది. తరువాత మిలాన్. 2005లో ఇస్తాంబుల్‌లో జరిగిన యూరప్ ఫైనల్లో బదులు ఆటగాళ్ళ బల్ల మీద కూర్చున్నాడు, మైదానంలోకి దిగలేదు. పారిస్ జట్టుకు వచ్చాక, 2006 ఫ్రెంచి కప్పు ఫైనల్లో మార్సేయ్ మీద దూరం నుంచి కొట్టిన బంతి గోలయింది. పారిస్ 2-1తో గెలిచింది.

ఆ వేసవిలోనే జర్మనీలో ప్రపంచ కప్పు. భారత సంతతివాడు ఫ్రాన్సు చొక్కా తొడిగి ప్రపంచ కప్పులో ఆడాడని మనం గొప్పగా చెప్పుకుంటాము. ఆడినది ఎంత? స్విట్జర్లాండుతో, దక్షిణ కొరియాతో చివరి కొద్ది నిమిషాలు. మిగతా ఆటలన్నిటా, ఇటలీతో జరిగిన ఫైనల్లో కూడా, బల్ల మీదనే. అక్కడ ఉండి ఆయన చేసిన పని వేరు. ఒక చిన్న సూపర్ ఎయిట్ కెమెరా తీసుకొని హోటలు గదిని, ఒంటరితనాన్ని, ఎదురుచూపును తానే చిత్రించుకున్నాడు. మిత్రుడు ఫ్రెడ్ పూలేతో కలిసి చేసిన ఆ చిత్రం 2007లో "సబ్‌స్టిట్యూట్" అన్న పేరుతో వచ్చింది. గెలిచినవాళ్ళు తీసే సినిమా కాదది. ఇంట్లో గోడకు కప్పు పటాలు తగిలించే కుర్రవాళ్ళు ఒకసారి చూడవలెను.

2006 అక్టోబరులో, శిక్షకుణ్ణి పత్రికలో బాహాటంగా విమర్శించిన గొడవ ముదిరి, పారిస్ క్లబ్బు ఆయనను పనిలోంచి తీసివేసింది. మన పెద్దలు "నోరు మూసుకొని ఉంటే బాగుండేది" అంటారేమో. పని పోతుందన్న భయంతో నోరు మూసుకున్న తాతల మనుమలం మనం. ఆ మాట మన నోట తేలికగానే వస్తుంది.

ఆట మానిన తరువాత కూడా ఊరుకోలేదు. స్వలింగ ప్రియుల మీద ఫుట్‌బాల్‌లో సాగే ఎగతాళికి ఎదురు నిలిచిన "పారిస్ ఫుట్ గే" క్లబ్బుకు అండగా నిలిచాడు. ఇది కొందరికి నచ్చకపోవచ్చును, మాకు నచ్చింది. 2020 మార్చిలో పారిస్ పురపాలక ఎన్నికలకు దిగాడు. అక్కడ మేయరును జనం నేరుగా ఎన్నుకోరు. అప్పట్లో పేట పేటకూ జాబితాలు నిలబడేవి, గెలిచిన సభ్యులు కలిసి మేయరును ఎన్నుకునేవారు. నూటికి పది ఓట్లు రాని జాబితా తనంతట తాను రెండవ విడతకు పోలేదు. దానియెల్ సిమొన్నేతో కలిసి "పారిస్‌ను మనమే నిర్ణయిద్దాం" అన్న వామపక్ష జాబితాలతో వచ్చి, తాను 18వ పేటలో ముందు నిలబడ్డాడు. మోంమార్త్ర్ కొండ, వలస కుటుంబాలు కిక్కిరిసిన గూత్ దోర్ వీధులు ఆ పేటలోనివే. నగరమంతటా వారి జాబితాలకు నూటికి ఐదు ఓట్లు కూడా రాలేదు. 18వ పేటలో రెండవ విడతకు చేరలేదు.

ఆయనకు తెలుగు వచ్చునో రాదో మేము అడగము. గోలు కొట్టిన రోజున మనవాడని చప్పట్లు కొట్టినవాళ్ళం, ఓట్లు లెక్కపెట్టిన ఆ మార్చి రాత్రి కూడా మనవాడని అనగలమా? పిల్లలకు మేము ఆ రాత్రి సంగతి కూడా కలిపే చెబుతున్నాము.